తోడికోడలికి చేసిన పరీక్ష

హైదరాబాదు పాతబస్తీ హుస్సేనీ ఆలంలో పాల వ్యాపారం చేసే ఆండాలుకు ఇద్దరు కోడళ్ళు. పెద్ద కోడలు యశోద ఆ ఇంటికి వచ్చి పన్నెండేళ్ళయింది. చిన్న కోడలు నందిని నిన్నమొన్న వచ్చినట్టే లెక్క. నందిని ముఖం వాడి ఉందని ఆండాలే గమనించి అడిగింది. మూత్రానికి పోతే మంట అని చెప్పగానే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక పడుకోబెట్టి మజ్జిగ కలిపిచ్చింది.

బర్రెల దగ్గర పేడ ఎత్తుతూ యశోద ఇదంతా చూసింది. ఒళ్ళు మండిపోయింది. ఏడాదిగా తనకు తెల్లబట్ట అవుతోంది. వాసన వస్తుందేమోనని మొగుడు మురళికి దూరంగా, గోడవైపు తిరిగి పడుకుంటోంది. పొత్తికడుపులో నొప్పిగా ఉన్నా పాలు పిండుతూనే ఉంది. తనను ఒక్కరైనా అడిగారా?

“ఏం చేసిండ్రే?” అని నందినిని అడిగింది.

“మూత్రం పరీక్షకు తీసుకున్నరు. మల్ల లోపల గర్భసంచి మూతికాడ చిన్న బ్రష్‌తోని తీసి గాజుపలక మీద పూసిండ్రక్కా. పాప్ స్మియర్ అంట, క్యాన్సర్ ఉందో లేదో చూస్తరంట. నొప్పేం లేదు. రిపోర్టు వచ్చే వారం ఇస్తరంట.”

“నీకేంది, మస్తు నసీబున్నదానివి,” అని యశోద బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పాలు పోసి అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళింది. రోగం కంటే పంతమే ఆమెను నడిపించింది. దానికి చేసిన పరీక్ష నాకెందుకు చెయ్యరు అనుకుంది.

“ఏడాది నుంచి ఉంటే ఇప్పుడా రావడం?” అంది డాక్టర్ తనూజ, పరీక్ష చేస్తూ. యశోద చూపు పైకప్పుకు తిప్పుకుంది.

రిపోర్టుల రోజు నందినితో వచ్చిన ఆండాలు, బల్ల మీద కూర్చున్న పెద్దకోడలిని చూసి నిలబడిపోయింది. ముగ్గురూ కలిసే లోపలికి వెళ్ళారు.

“నందినికి స్మియర్‌లో ఏం లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మందులతో తగ్గుతోంది,” అంది డాక్టర్. “యశోదా, ఏడాదిగా తెల్లబట్ట అవుతున్నా నీకు క్యాన్సర్ గుర్తులు లేవు. కానీ వాపుంది, ఇన్ఫెక్షన్ ఉంది. ఏ రకమో ఇంకో పరీక్షలో చూసి మందులు రాస్తాను. నయమవుతుంది.”

బయటికి రాగానే యశోదకు ఏడుపు తన్నుకొచ్చింది. “గిండ్ల గూడ దానిదే మంచిగొచ్చింది!”

“ఏడాది సంది గిట్లుంటే నాకెందుకు చెప్పలేదే?” అని ఆండాలు అడిగింది.

“దాని ముఖం చూసి అడిగినవ్. నన్నెప్పుడన్న అడిగినవా అత్తమ్మా?”

“నువ్వు పని చేస్తనే ఉంటివి. మంచిగనే ఉన్నవనుకున్న. నేనే చూడలే,” అంది ఆండాలు.

మందులు పనిచేశాయి. తెల్లబట్ట ఆగింది. యశోద మళ్ళీ మురళివైపు తిరిగి పడుకుంది. ఆమెకు విశ్రాంతి కావాలని ఆండాలు సాయంత్రం పాలు పిండడం నందినికి అప్పగించింది. మొదటిరోజే బర్రె తన్నింది. వాకిట్లో అత్త నందిని కాలికి నూనె రాస్తుంటే, మంచం మీది నుంచి చూస్తున్న యశోదకు మళ్ళీ ఒళ్ళు మండింది.

ఈసారి గోడవైపు తిరగలేదు.

“అత్తమ్మా, అది అయినంక జెర నా తలకు గూడ నూనె పెట్టు,” అని గట్టిగా కేక వేసింది.