మబ్బుల వీరుడి మొదటి మాట

ఉదయం ఏడున్నరకు, భీమేశ్వరరావు పళ్ళు తోముకుంటూ ఉండగా, ఆయన గొంతు నోట్లోంచి బయటికి వస్తుంది. కుళాయి కింద కాళ్ళు కడుక్కుంటుంది. తువ్వాలుతో తుడుచుకుని, "మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నారట. ఇంక నేనుండడం బాగోదు. వస్తాను" అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోతుంది.

ఆయన ఆపబోతాడు. పిలిచి ఆపడానికి కావలసిందే వెళ్ళిపోయింది కాబట్టి, బ్రష్షు చేత్తో పట్టుకుని అలాగే నిలబడతాడు.

వంటింట్లోంచి సత్యవేణి తొంగిచూస్తుంది. "ఎవరండీ వెళ్ళింది?" అని అడుగుతుంది. ఆయన మెడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి చివరిదాకా చూసి, "టిఫినన్నా తిని వెళ్ళాల్సింది" అంటుంది.

హాల్లో బల్ల మీద పేపరు ఉంది. ఆరో పేజీలో మబ్బుల వీరుడి వార్త. పదహారేళ్ళుగా ఐదు సినిమాల్లో ఆకాశం మీద నడిచి ఊళ్ళకు ఊళ్ళు కాపాడిన ఆ విదేశీ వీరుణ్ణి, ఆ సినిమాలు తీసేవాళ్ళు పక్కన పెట్టేశారు. కథ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇంతవరకు జరిగినవేవీ జరగలేదనుకోవాలట. కొత్త సినిమాలో మబ్బుల మీద నడిచేది ఒక అమ్మాయి.

ఆ ఐదు సినిమాలూ తెలుగులోకి వచ్చినప్పుడు వీరుడికి మాట ఇచ్చింది భీమేశ్వరరావు. అమలాపురం నుంచి వచ్చి, యూసుఫ్‌గూడలో రెండో అంతస్తులో కాపురం పెట్టి, చీకటి గదిలో మైకు ముందు నిలబడి, ఆ తెల్లవాడి పెదాలకు తెలుగు తొడిగాడు. ఆయన ముఖం ఎవరికీ తెలియదు. కూరగాయల బండి దగ్గర "అరకిలో బెండకాయలు" అన్నాడంటే మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళు తలెత్తి ఆకాశం వైపు చూస్తారు.

తొమ్మిదింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలవుతుంది.

ముందుగా లోపలికి వచ్చింది గట్టయ్య. కరీంనగర్ డిపోలో కండక్టరు, మబ్బుల వీరుడి అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. ఖాకీ చొక్కా మీదే బయలుదేరి వచ్చాడు. అతని వెనక మెట్ల నిండా మనుషులు. మెట్లు చాలక ఆ మేడకు ఇంకో పదకొండు అంతస్తులు పుడతాయి. అవీ నిండిపోయాక హాలు కొద్దికొద్దిగా పొడుగవడం మొదలుపెడుతుంది. సత్యవేణి సోఫాను మూడుసార్లు వెనక్కి జరుపుతుంది.

"సార్, గీ కొత్త సినిమా మాకొద్దు," అంటాడు గట్టయ్య. "పదహారేండ్లు మేం చూసింది ఉత్తదే అంటే ఎట్ల? మీరొక్క మాట అనుండ్రి. మీరు వద్దంటే ఒక్కడు గూడ టాకీస్ మొఖం చూడడు."

"వద్దనండి సార్!" అని పదకొండో అంతస్తు నుంచి కేకలు వినిపిస్తాయి.

భీమేశ్వరరావు నోరు తెరిచి మూస్తాడు.

"ఆయన గొంతు పొద్దున్నే వెళ్ళిపోయిందండి," అంటుంది సత్యవేణి. "మీరు మంచినీళ్ళు తాగుతారా?"

గట్టయ్య చాలాసేపు ఆయన మెడ వైపు చూస్తాడు. తర్వాత టోపీ తీసేస్తాడు. వాళ్ళు తెచ్చిన కోపం మెట్ల మీంచి ఒక్కో అంతస్తే దిగి, వీధిలోకి వెళ్ళి, ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు అరుగు మీద కూర్చుంటుంది.

అప్పుడు ఒక అమ్మాయి ముందుకు వస్తుంది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. పేరు రజిత. సిద్దిపేట ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది.

"నా దగ్గర ఒకటున్నది సార్. మూడో సినిమాల మీరన్నదే. మొదటిసారి సూది పట్టుకున్ననాడు చేతులు ఒకటే వణుకుడు. గప్పటి సంది దీంట్ల పెట్టుకొని తిరుగుతున్న."

ఆమె మూత తీస్తుంది. డబ్బాలోంచి ఆవిరి లేస్తుంది. "భయమేస్తే వెయ్యనీ. కాళ్ళు మాత్రం ఆపకు" అని అది భీమేశ్వరరావు గొంతుతో అని, కాసేపు ఆయన గడ్డం కింద తచ్చాడి, దారి గుర్తుపట్టినట్టు లోపలికి పోతుంది. ఆయన మెడ వెచ్చబడుతుంది.

రజిత ఖాళీ డబ్బాలోకి చూస్తుంది. "ఏమున్నదో ఇగ యాదికి లేదు," అంటుంది. "గనీ మంచిదే ఉండె."

ఆ తర్వాత అందరూ బయటికి తీయడం మొదలుపెడతారు. ఒకరు హెల్మెట్‌లోంచి, ఒకరు కళ్ళజోడు పెట్టెలోంచి. అద్దంకి నుంచి వచ్చిన ఒక ముసలావిడ కొంగు ముడి విప్పి, నాలుగో సినిమాలో ఓడ మునిగేటప్పటి మాట ఇస్తుంది. ఆ మాట పట్టుకునే ఆవిడ, భర్త చనిపోయిన ఏడాది గట్టెక్కిందట. చీపురుపల్లి లెక్కల మాస్టారు సుద్దముక్కల పెట్టెలో రెండో సినిమా మొత్తం తెచ్చాడు. చిన్నప్పటి నత్తి ఆ మాటలు వల్లించే పోగొట్టుకున్నాడు. పెట్టె ఖాళీ కాగానే నత్తి తిరిగి వస్తుంది.

సత్యవేణి అయ్యో అంటుంది.

"ప... పర్లేదమ్మా," అంటాడు మాస్టారు నవ్వుతూ. "మీ... మీదే కదేటి."

మూడింటికల్లా ఐదు సినిమాలూ భీమేశ్వరరావు లోపల సర్దుకుంటాయి. అభిమానులు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆయన లేచి నిలబడతాడు. పొద్దుట్నుంచి వీళ్ళందరికీ ఆయన చెప్పాలనుకుంటున్నది ఒక్కటే. నోరు తెరుస్తాడు.

"ఈ ఊరు నిద్రపోయేదాకా నేను దిగను."

ఈలలతో హాలు దద్దరిల్లుతుంది. ఆయన కాదన్నట్టు తల ఊపి మళ్ళీ ప్రయత్నిస్తాడు.

"పడ్డవాడికే తెలుస్తుంది, ఆకాశం ఎంత ఎత్తో."

మళ్ళీ ఈలలు. ఆయన కళ్ళు మూసుకుని పదహారేళ్ళూ వెతుకుతాడు. ఐదు సినిమాల్లో వీరుడు నాలుగు నగరాలను, రెండు ఓడలను, ఒక రైలును కాపాడాడు. ప్రతిసారీ జనం చేతులు జోడిస్తూ ఉండగానే పైకి వెళ్ళిపోయాడు. నీవల్ల నాకు మేలు జరిగింది అని ఎవరితోనూ ఒక్కసారి కూడా అనలేదు. ఎంత వెతికినా ఆ మాట దొరకదు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు వస్తాయి. అభిమానులు అది నటన అనుకుని ఇంకా గట్టిగా ఈలలు వేస్తారు.

సత్యవేణి ఒక్కతే దగ్గరికి వచ్చి, "కాఫీ పెట్టనాండి?" అని మెల్లగా అడుగుతుంది.

"నేనున్నాను. నువ్వు తలుపు తియ్," అంటాడు ఆయన. ఉన్నవాటిలో కాఫీకి దగ్గరగా ఉన్నది అదే.

ఆవిడ వెళ్ళి తలుపు తీస్తుంది. బయట ఒక పిల్ల నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయి. చేతిలో ఖాళీ డబ్బా. భుజాల మీద ఒకదాని మీద ఒకటి తొమ్మిది శాలువాలు.

"నా పేరు సుగుణ మేరీ అండీ. మాది మధిర. కొత్త సినిమాకి డబ్బింగ్ చెప్తోంది... నేనేనండీ."

హాలు ఒక్కసారిగా కుంచించుకుపోయి, అందరి మోకాళ్ళూ ఒకదానికొకటి తగులుతాయి.

"ఇవ్వడానికి రాలేదు సార్, అడగడానికొచ్చాను," అంటుంది ఆమె. "మీ సినిమాలన్నీ చూసే ఈ పనిలోకి వచ్చాను. మొదటి సీనే దాటలేకపోతున్నాను. అందులో ఆ అమ్మాయి మబ్బు మీంచి జారి ఎండిన చేలో పడుతుంది. ఒక ముసలమ్మ గ్లాసుతో నీళ్ళిస్తుంది. తాగి ఒక్క మాట అంటుంది. అదే సినిమాలో మొదటి మాట. కాగితం మీద 'ధన్యవాదాలు' అని రాసిచ్చారు. నేను అన్నప్పుడల్లా ఎవరో మైకు దగ్గరికి వచ్చి శాలువా కప్పి వెళ్ళిపోతున్నారు. తొమ్మిది రోజులైంది."

"థ్యాంక్యూ అనరాదు?" అంటాడు గట్టయ్య, మాట్లాడకూడదనుకుంటూనే.

"అన్నానండీ. నీళ్ళు మళ్ళీ గ్లాసులోకి వెళ్ళిపోతున్నాయి."

భీమేశ్వరరావు ఆమె చేతిలోని కాగితం తీసుకుంటాడు. పెదాలు ఎలా కదులుతాయో చూపించమని సైగ చేస్తాడు. సుగుణ మేరీ చూపిస్తుంది. నీళ్ళు మింగినట్టు ముందు పెదాలు మూసుకుంటాయి. తర్వాత తెరుచుకుంటాయి. చివర్లో గుండ్రంగా ముడుచుకుంటాయి. ఆయన మూడుసార్లు చూసి, జేబులోంచి పెన్ను తీసి, రాసి ఉన్నది కొట్టేసి, పక్కన ఒక్క మాట రాస్తాడు.

ఆమె చదువుతుంది. పెదాలతో పలికి చూస్తుంది. అచ్చంగా సరిపోతుంది. శబ్దం మాత్రం రాదు.

"మాట ఇదే సార్," అంటుంది. "నా గొంతు దీన్ని మొయ్యలేకపోతోంది."

భీమేశ్వరరావు ఆమె డబ్బా మూత తీసి, దాని మీదికి వంగుతాడు.

గట్టయ్య గబుక్కున అడ్డం వస్తాడు. "సార్, ఆగుండ్రి! మేం ఇచ్చింది మీకు, ఆమెకు గాదు. గిది గూడ పోతే ఇగ మళ్ళ రాదు. మా దగ్గర ఇంకేం లేదు."

అంతసేపూ సత్యవేణి అభిమానుల ఖాళీ డబ్బాలు కడిగి, తుడిచి, ఒక్కో దాంట్లో చెంచాడు పంచదార వేస్తూ ఉంది. తల ఎత్తకుండానే అంటుంది:

"గట్టయ్యగారూ, మనింటికొచ్చిన గిన్నె ఉత్తినే పంపుతామాండి? మీవన్నీ పంచదార వేసి ఇస్తున్నాను. ఆ పిల్ల గిన్నె ఒక్కటీ ఉత్తినే ఎలా పంపమంటారు?"

తన ఇంట్లో తల్లి కూడా ఇలాగే అంటుందని గట్టయ్యకు గుర్తొస్తుంది. డబ్బా కింద రెండు చేతులూ పెడతాడు.

"నేను పట్టుకుంట," అంటాడు. "ఒలుకుతది."

భీమేశ్వరరావు నోరు తెరుస్తాడు. నగరాలు, ఓడలు, రైలు, ఒక్కొక్క వాక్యమే జారి డబ్బాలోకి దిగుతాయి. ఆఖరిది వెళ్ళేటప్పుడు గొంతులో చక్కిలిగింత పెడుతుంది. ఆయన నవ్వుతాడు. ఆ నవ్వు ఎవరికీ వినిపించదు, కానీ అందరూ చూస్తారు.

శుక్రవారం ఉదయం ఎనిమిది గంటల ఆటకు అభిమానులందరూ వస్తారు. సినిమా చూడడానికి కాదని, ఊరికే కూర్చోవడానికని ఒకరికొకరు చెప్పుకుంటారు. గట్టయ్య చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అతని పక్కన భీమేశ్వరరావు, ఆ పక్కన సత్యవేణి.

తెర మీద అమ్మాయి మబ్బు మీంచి జారి ఎండిన చేలో పడుతుంది. ముసలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి నీళ్ళిస్తుంది. అమ్మాయి గటగటా తాగుతుంది. పెదాలు మూసుకుంటుంది.

"బతికించావు," అంటుంది.

గొంతు సుగుణ మేరీదే. గ్లాసు అడుగున కరగని పంచదారలా దాని కింద ఇంకో గొంతు ఉంది. అది ఎవరిదో ఆ హాల్లో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈల పడదు. రజిత రెండు చేతులతోనూ నోరు మూసుకుంటుంది. లెక్కల మాస్టారు లేచి నిలబడి, ఎక్కడా తడబడకుండా, "బతికించావు" అంటాడు. తర్వాత అద్దంకి ముసలావిడ అంటుంది. ఒక్కొక్కరే అంటారు, కొందరు తెరతో, కొందరు పక్కవాళ్ళతో, చాలామంది భీమేశ్వరరావు కూర్చున్న వైపు తిరిగి. తెర మీద అమ్మాయి ఖాళీ గ్లాసు పట్టుకుని, నాలుగు వందల మందీ అనేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు లేచి నడుస్తుంది.

గట్టయ్య కట్టుకున్న చేతులు విప్పుతాడు. "సార్," అంటాడు చెవి దగ్గర, "గా మాట మీరు రాసిండ్రు గదా. మాకేనా?"

భీమేశ్వరరావు అవునన్నట్టు తల ఊపుతాడు.

"మేమేం జేసినం సార్? సినిమా చూసినం, గంతే."

భీమేశ్వరరావు అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంటాడు. ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగినా వదలడు.

ఆట వదిలేసరికి పదిన్నర. ఎండ కాస్తోంది. థియేటరు ముందు రోడ్డుకు అడ్డంగా ఒక మబ్బు ఆగిపోయి ఉంది. దాని వెనక బస్సులు, ఆటోలు బారులు తీరి ఉన్నాయి. "ఎవరిదిది? తియ్యండి పక్కకి," అని ట్రాఫిక్ కానిస్టేబుల్ అరుస్తున్నాడు. ఎవరిదీ కాదు. పాపం, స్టార్టవడం లేదు, అంతే.

ఎవరూ ఏమీ అనుకోరు. నాలుగు వందల మందీ వెళ్ళి భుజాలు ఆనిస్తారు. మబ్బు తడిగా ఉంది, ఈనిన గేదె పొట్టలా వెచ్చగా ఉంది. గట్టయ్య దాని పక్కన రెండు దెబ్బలు చరిచి, "రైట్, రైట్" అంటాడు. మాస్టారు, రజిత, భీమేశ్వరరావు ఒకే వరసలో నెడుతున్నారు. మబ్బు దగ్గుతుంది, కుదుపుతుంది, కదులుతుంది. అందరూ దాని వెంట పరుగెత్తుతారు. వేగం అందుకున్నాక చేతులు తీసేయాలని ఒక్కరికీ తోచదు.

"గ్యాసు కట్టేసే వచ్చాన్లెండి," అంటుంది సత్యవేణి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఒడిసి పట్టుకుని.

భీమేశ్వరరావు గాల్లోంచి కిందికి చూస్తాడు. ఎండలో, రోడ్డు మీద, నాలుగు వందల జతల చెప్పులు వరసలు తప్పకుండా, మడమలెత్తి, బలమంతా పెట్టి ఇంకా నెడుతూనే ముందుకు పోతున్నాయి.