రెండుసార్లు తీసిన బిరడా

నేను ఒక కార్క్ స్క్రూని. వైన్ సీసా మూతికి బిగించిన బిరడాలోకి మెలికలు తిరుగుతూ దిగి, దాన్ని పెరికి బయటికి లాగడం నా పని. పొడవడానికే పుట్టినదాన్ని కనక నా దగ్గర తియ్యటి మాటలు ఆశించకండి. నాకు మనుషులంటే పడదు.

బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డులో పుట్టాను. నన్ను మెలితిప్పిన మేస్త్రీ వైన్ చుక్క ఎరగనివాడు. అబిడ్స్ దుకాణంలో ఏడాదిపాటు దుమ్ముకొట్టుకుపోయాక పళ్ళ డాక్టరు విరూపాక్షం నన్ను కొని, తన స్నేహితుడు డాక్టర్ యశోధర్ రెడ్డికి బహుమతిగా ఇచ్చాడు. ఇద్దరిదీ ఒకే క్లినిక్. గ్లాసు ఎలా పట్టుకోవాలో, గుక్క మింగేముందు ఎలా వాసన చూడాలో యశోధర్‌కు నేర్పింది విరూపాక్షమే.

పన్నెండేళ్ళకు ఇద్దరికీ చెడింది. ఒకే రోడ్డు మీద రెండు బోర్డులు వేలాడాయి. ఎవరి పెళ్ళి విందులోనో విరూపాక్షం, "యశోధర్‌దా? వైనుకూ చింతపండు పులుసుకూ తేడా తెలియని నోరు" అన్నాడట. ఆ మాట భోజనాలు ముగిసేలోపే యశోధర్ చెవిన పడింది. రెండేళ్ళపాటు అతను దాన్ని పుండులా గోక్కుంటూనే ఉన్నాడు.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో చీజు, వైను రుచి చూసే పార్టీ పెట్టాడు. నలుగురు డాక్టర్లను పిలిచాడు. విరూపాక్షానికి తనే ఫోన్ చేసి, "పాతయి మర్శిపోదం, రా" అన్నాడు.

ముందు రోజే నాతో ఒక నాసిరకం వైన్ తెరిచాడు. తాగి దాచుకున్న ఖాళీ విదేశీ సీసాలో దాన్ని గరాటాతో పోసి, ఆ సీసా పాత బిరడానే మళ్ళీ బిగించాడు. వంటగది గుమ్మంలో నిలబడి అతని భార్య నీరజ చూసింది. "గిదేం పని?" అంది. "జర నవ్వుకోవడానికి" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి రేపటికి చీజు ముక్కలు కోసుకుంది.

మర్నాడు అందరూ కూర్చున్నాక, ఒకసారి పొడిచిన గాయంలోకే నన్ను మళ్ళీ దింపాడు. తక్కిన నలుగురికీ సంగతి ముందే చెప్పి ఉంచాడు కనక వాళ్ళు పెదవులు బిగబట్టుకున్నారు.

"నీ ముక్కుకు తిరుగులేదంటరు కద విరూ. చెప్పు, ఎట్లుంది?"

విరూపాక్షం గ్లాసు తిప్పాడు. వాసన చూశాడు. సీసా మీది చీటీ వైపు ఒక్కసారి చూశాడు. "చాలా బాగుంది. నల్ల ద్రాక్ష పండిన వాసన" అన్నాడు.

బల్ల చుట్టూ నవ్వు భళ్ళుమంది. యశోధర్ ఆ నాసిరకం వైన్ అసలు సీసా తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టాడు. "గల్లీ దుకాణంల సరుకు! ఇప్పుడు చెప్పు, ఎవరిది చింతపండు నోరు?"

విరూపాక్షం గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. "నువ్వు కిరసనాయిలు పోసినా నాకు తెలియదు. జ్వరం వచ్చి తగ్గినప్పటినుంచీ వాసన లేదు, రుచి లేదు. పదకొండు నెలలు. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

"అబద్ధం" అన్నాడు యశోధర్. పళ్ళెంలో నీలి బూజు చారల చీజు ఉంది. దాని కంపుకు తక్కినవాళ్ళు అంతకుముందే ముక్కులు మూసుకున్నారు. అందులోంచి పెద్ద ముక్క తీసి అతని ముందు పెట్టాడు. "తిను."

విరూపాక్షం తిన్నాడు. సుద్దముక్కను నమిలినట్టు, కనుబొమ కూడా కదలకుండా నమిలి మింగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మరి ఎందుకొచ్చినవ్?" అన్నాడు యశోధర్.

"నువ్వు పిలిచావు గనక."

నీరజ లేచింది. "అన్నా, వైను మార్చంగ నేను నిన్ననే చూసిన. నీకు చెప్పలే. నాది గూడ తప్పే" అంది. లేచి బయల్దేరిన విరూపాక్షం వెంట లిఫ్టు దాకా వెళ్ళి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా పళ్ళేలు తీసేసింది. నలుగురికీ ఒకేసారి ఏవో పనులు గుర్తొచ్చాయి.

అందరూ వెళ్ళాక యశోధర్ ఆ నీలి చీజు మిగిలిన ముక్క అందుకున్నాడు. రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా మూసుకుని నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. 

"ఏమన్న తెలిసిందా?" అంది నీరజ.

అతను విరూపాక్షానికి ఫోన్ చేశాడు. అప్పటినుంచి రోజూ చేశాడు. అవతల మోగి మోగి ఆగిపోయేది.

నెల తిరిగాక ఖాళీ సీసాలతో పాటు నన్నూ సంచిలో వేసి, పాత సామాన్లు కొనే యాదగిరి కొట్టుకు స్వయంగా మోసుకొచ్చాడు. యాదగిరి నన్ను తీసి అటూ ఇటూ తిప్పాడు. "మంచిగనే ఉంది కద సార్, ఎందుకు పారేస్తున్నరు?"

"వాసనొస్తున్నది" అని యశోధర్ వెళ్ళిపోయాడు.

యాదగిరి నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. మరోసారి పీల్చాడు. "ఏం వాసన లేదు కద" అని గొణుక్కుని ఇనుప కుప్ప మీదికి విసిరేశాడు.