ముసలమ్మ రోజూ అడిగిన మాట

తాపీ పట్టి నలభై ఏళ్లు గోడలు లేపిన పెద్దమేస్త్రికి, మోకాళ్లు మొరాయించాక ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఎక్కడ గోడ కనబడినా వేళ్లతో తట్టి, "ఇసక ఎక్కువ, సిమెంటు తక్కువ" అని తీర్పు చెప్పేవాడు.

"లోకంలో గోడలన్నిటికీ నువ్వే మేనమామవా?" అని భార్య విసుక్కునేది.

అలాంటి రోజుల్లో చిన్నమేస్త్రి వచ్చాడు. ఒకప్పుడు పెద్దమేస్త్రి దగ్గర ఇటుకలు తడపడంతో మొదలుపెట్టి, పదేళ్లు ఆయన చేతికింద పని నేర్చినవాడు. ఆ ఇంట్లో తిని, ఆ అరుగు మీదే పడుకున్నవాడు. తర్వాత విదేశం వెళ్లి, గూడు లేనివాళ్లకు ఇళ్లు కట్టించే సంస్థలో పెద్దవాడయ్యాడు.

"గురువుగారూ, మా దగ్గర ఉచితంగా పనిచేస్తామని దేశదేశాలవాళ్లు వస్తారు. మనసు బంగారమే గానీ, ఇటుక ఎటు తిప్పి పెట్టాలో తెలీదు. ఆరు వారాలు మీరొచ్చి నిలబడండి చాలు. మీ చేత్తో ఒక పేదింటి పునాది పడితే అంతకంటే పుణ్యం ఏముంది?"

శిష్యుడు అంతవాడయ్యాడన్న పొంగులో పెద్దమేస్త్రి మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయాడు. రసమట్టం, తాపీ పాత తువ్వాలులో చుట్టుకుని విమానం ఎక్కాడు.

ఇల్లు ఒక ముసలమ్మకు. వరదకు పాత ఇల్లు కూలితే, విధవరాలైన కూతురితో, ఇద్దరు మనవరాళ్లతో ఆ స్థలంలోనే ఒక మూల రేకుల పాకలో ఉంటోంది. ఎడమకాలు ఈడ్చి నడుస్తుంది. అది చూసి పెద్దమేస్త్రి గుమ్మం ముందు మెట్లు తనే దగ్గరుండి బాగా ఎత్తు తక్కువగా కట్టించాడు. పనికి వచ్చినవాళ్లు ఎనిమిది మంది. వాళ్లలో ఒకావిడ పళ్ల డాక్టరు. మొదటిరోజు ఆవిడ కట్టిన ఇటుకల వరస పాములా మెలికలు తిరిగితే ఆయన నవ్వాపుకోలేకపోయాడు. మూడో వారానికి ఆవిడే మిగతావాళ్లకు వరస సూటిగా రావడానికి దారం పట్టి చూపించేంత అయింది.

ఆయనకు అర్థంకానిది ఒకటే. "నలుగురు ఆడవాళ్లకి ఆరు గదులేంట్రా? గదిగదికీ ఒక స్నానాల గదేంటి?" అని అడిగాడు.

"ఇక్కడి పద్ధతి అంతేనండి" అన్నాడు చిన్నమేస్త్రి. నమ్మినవాడికి అనుమానం ఎందుకొస్తుంది?

రోజూ పని దిగే వేళకు ముసలమ్మ పాకలోంచి వచ్చి, సిమెంటు అంటిన ఆయన చేతులు రెండూ పట్టుకుని ఏదో అనేది. కళ్లలో నీళ్లు తిరిగేవి.

"ఏమంటోందిరా?"

"దీవిస్తోంది గురువుగారూ. మీ కడుపు చల్లగా ఉండాలంటోంది."

"వానొచ్చినా వరదొచ్చినా ఈ ఇల్లు కదలదు, ఇది నీదేనమ్మా అని చెప్పు."

చిన్నమేస్త్రి ఏదో చెప్పేవాడు. ముసలమ్మ చేతులు వదిలేసి, తలొంచుకుని పాకలోకి వెళ్లిపోయేది. మొహమాటం కాబోలనుకున్నాడు పెద్దమేస్త్రి. ఆ పూటకు భార్యకు ఫోన్ చేసి, "కన్నతల్లి దీవించినట్టు దీవిస్తోందే" అని మురిసిపోయేవాడు.

నాలుగో వారంలో ఒకనాడు చిన్నమేస్త్రి పెద్ద అతిథులను తీసుకురావడానికి పట్నం వెళ్లాడు. సిమెంటు లారీ వచ్చింది. డ్రైవరు కిందికి దూకి, పెద్దమేస్త్రి తనలో తను గొణుక్కుంటున్న మాటలు విని నిలబడిపోయాడు.

"తెలుగా? నేను ఎడారి దేశంలో పదేళ్లు మీ మనుషులతో పని. ఒక గదిలో పన్నెండు మంది. తిట్లు ముందు నేర్చుకున్నాను, మాటలు తర్వాత!"

పెద్దమేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ నవ్వుకుంటుండగానే ముసలమ్మ వచ్చి అలవాటుగా చేతులు పట్టుకుంది. వింటున్న డ్రైవరు ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ఏమంటోంది? దీవెనేగా?"

"దీవెన కాదు. అడుగుతోంది. 'ఈ నేల నాది. నీకు ఇల్లు కడతాం, వేలిముద్ర వెయ్యి అన్నారు, వేశాను. ఇప్పుడు ఇది వచ్చేపోయే అతిథులకి బస, నువ్వు ఖాళీ చెయ్యి అంటున్నారు. కట్టేవాడివి నువ్వే కదా, మమ్మల్ని ఎందుకు వెళ్లగొడుతున్నావు?' రోజూ ఇదే అడుగుతోందట. నువ్వేమో, పెద్దవాళ్లతో మాట్లాడుకో, నాకు సంబంధం లేదు అంటున్నావట."

పెద్దమేస్త్రికి ఆరు గదులు, ఆరు స్నానాల గదులు కళ్లముందు తిరిగాయి.

సాయంత్రం కారు దిగుతున్న శిష్యుణ్ణి పక్కకు పిలిచాడు. "ముసలమ్మ ఏమడుగుతోందిరా?"

చిన్నమేస్త్రి ఒక్క క్షణం తడబడి, సర్దుకున్నాడు. "కొంచెం నెమ్మదిగా, గురువుగారూ. వచ్చేవాళ్లకి మంచి బస లేకపోతే ఎవరూ రారు. వాళ్లు రాకపోతే మిగతా ఇళ్లు లేవవు. ఒక ఇంటి వల్ల పది ఇళ్లు. ఆవిడకి వేరేచోట గది చూస్తాం."

"చూశారా?"

"చూస్తాం."

"ఆవిడతో నా మాటగా ఏం చెప్పావు?"

చిన్నమేస్త్రి అతిథుల వైపు చూశాడు, వాచీ చూశాడు, నేల చూశాడు.

"ఒరేయ్, నీకు పని నేర్పానురా నేను. తాపీ పట్టుకోవడం రాక నీ చెయ్యి కోసుకుంటే కట్టు కట్టానురా. నా నోట్లో నీ మాట పెట్టి ఆ ముసల్దాని కడుపు కొడతావా?"

"అరవకండి, అందరూ చూస్తున్నారు."

"చూడనీ!"

మళ్లీ వస్తానని వెళ్లేముందు మాటిచ్చిన డ్రైవరు మర్నాడు పొద్దున్నే వచ్చాడు. అందరినీ కూర్చోబెట్టి, ముసలమ్మ మాట ఒక్కొక్కటీ తనకొచ్చిన ఇంగ్లీషులో అనువదించి చెప్పాడు. పళ్ల డాక్టరు చేతి తొడుగులు విప్పి నేలకేసి కొట్టింది. ముగ్గురు ఆవిడ పక్కన నిలబడ్డారు. మిగతా నలుగురూ "పెద్దవాళ్లకి తెలుసులే" అని మళ్లీ పనిలోకి వెళ్లారు. మూడు వారాలు తన ఎదుట వరసలు నేర్చుకున్నవాళ్లు అలా వీపు తిప్పడం పెద్దమేస్త్రికి రెండో దెబ్బ.

ముసలమ్మను వెంటబెట్టుకుని పెద్దమేస్త్రి, డ్రైవరు, పళ్ల డాక్టరు, ఆవిడ పక్కన నిలబడ్డ ముగ్గురూ భూముల కార్యాలయానికి వెళ్లారు. గుమాస్తా కాగితం తీశాడు. అమ్మకం పత్రమే, వేలిముద్ర ఆవిడదే. పెద్దమేస్త్రి సాక్ష్యం రాయించి, కింద తన సంతకం పెట్టాడు. ముసలమ్మ బెంచీ మీద ఆ చివర కూర్చుంది. పెద్దమేస్త్రికి ఏమీ తెలియదని డ్రైవరు ఎంత చెప్పినా ఆయన వైపు చూడలేదు. ఆవిడ నమ్మాలని ఆయన ఏ మొహంతో అడుగుతాడు?

పెద్దమేస్త్రి ఇంటికి తిరిగొచ్చాడు. చిన్నమేస్త్రి నుంచి ఫోన్ వస్తే భార్య తీసి ఆయన ముందు పెట్టేది. ఆయన దాన్ని బోర్లించేవాడు.

రెండు నెలలకు డ్రైవరు ఫోన్ చేశాడు. తగాదా తేలేదాకా పని ఆపమని కార్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. ముసలమ్మ కుటుంబం కప్పు లేని ఆ గోడల మధ్యే చేరింది. ఎవరు కదిలించబోయినా కదలడం లేదు.

"అక్కడ వానలు మొదలయ్యాయా?" అన్నాడు పెద్దమేస్త్రి.

"రేపోమాపో."

"అయితే విను. గోడల తలల మీద ప్లాస్టిక్ పట్టాలు పరిచి బరువులు పెట్టించు. నీళ్లు ఇటుకల్లోకి దిగితే పైవరసలు వదులైపోతాయి. ఉత్తరం పక్క గోడ మనతో రాని ఆ నలుగురూ కట్టింది, దాని కింద మాత్రం పడుకోవద్దని చెప్పు."

"నువ్వు చెప్పావని చెప్పనా?"

"వద్దు" అన్నాడు. "నీ మాటగానే చెప్పు."