రాయప్ప కుట్టు

రాయప్ప మామిడికాయను చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలి గోటితో కొట్టాడు. గట్టిగా పలికింది. బుట్టలో వరిగడ్డి సర్ది దాన్ని పడుకోబెట్టాడు. మళ్ళీ కాయ, మళ్ళీ గోరు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. గోరు అరిగి చదునైపోయింది. మామిడి సొన తగిలి తగిలి వేళ్ళ సందులు నల్లగా కాలిపోయాయి. అన్నం కలుపుకుంటే భగ్గుమంటాయి. అందుకని వేసవి మూడు నెలలూ కూతురు లేయా ముద్దలు చేసి చేతికిస్తుంది.

పంతొమ్మిది వందల అరవై రెండు, మే నెల. ఆగిరిపల్లి తోటలో తాటాకు పందిరి కింద పొద్దుటి నుంచీ అరడజను మంది బుట్టలు కడుతున్నారు. బుట్ట నిండాక పైన గడ్డి పరిచి, గోనెపట్టా కప్పి, దబ్బనంతో పురికొస కుట్టు వేస్తారు. అందరూ వేస్తారు. రాయప్ప ఒక్కడే రెండు కుట్లు ముందుకు వేసి, మూడోది వెనక్కి తిప్పి బిగిస్తాడు. దాన్ని విప్పి మళ్ళీ కుడితే గోనె మీద ఆనవాలు ఉండిపోతుంది. ఆ కుట్టున్న బుట్టలను కలకత్తాలో కొనేవాళ్ళు మూత తియ్యకుండానే తీసుకుంటారని లారీవాళ్ళు చెబుతుంటారు. రాయప్ప కలకత్తా చూడలేదు. బెజవాడ రెండుసార్లు చూశాడు. అక్షరం ముక్క రాదు. లోకంలో అతడి పేరున నిలబడింది ఆ కుట్టొక్కటే.

దగ్గు వచ్చింది. తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గుడ్డకు అంటిన ఎరుపు ఎవరికీ కనబడకుండా మడిచి నడుముకు దోపుకున్నాడు. చలికాలం నుంచీ ఇంతే. వచ్చే కాపు తను చూడడు. ఆ సంగతి అతడికి తెలుసు, లేయాకూ తెలుసు. పదిరోజుల కిందట తోట షావుకారు శ్రీరాములుగారి ముందు నిలబడి, "నా పీట మీద నా కూతుర్ని కూర్చోబెట్టండి బాబూ" అని అడిగాడు. లేయా మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన పిల్ల. వాళ్ళుండే పాక షావుకారి స్థలంలో ఉంది. పందిట్లో బుట్టలు కట్టే పీట ఉన్నవాడికే పాక. రాయప్ప పోయిన రోజే ఆ పిల్ల నెత్తిమీద కప్పు పోతుంది. షావుకారు అప్పుడు "చూద్దాంలే" అన్నాడు.

ఇవాళ జట్కా దిగి తిన్నగా అతడి దగ్గరికే వచ్చాడు.

మొన్నటి గాలికి సగం కాపు నేలరాలింది. చెట్లకింద ఆడవాళ్ళు ఆ రాలుకాయల్ని కుప్పపోసి, తొడిమ ఊడి కారిన సొనను బూడిదనీళ్ళతో తుడుస్తున్నారు. తుడిచాక చెట్టుకాయకూ రాలుకాయకూ తేడా కంటికి తెలియదు. గోటికి తెలుస్తుంది.

"రాయప్పా, నీ కూతురి మాట అడిగావుగా. రేపటి నుంచి పీట దానిది. పాకా దానిదే," అన్నాడు శ్రీరాములు. "అడుగున రెండు వరసలు రాలుకాయ వెయ్యి. పైన చెట్టుకాయ. నీ కుట్టు వేసెయ్. మధ్యాహ్నానికి లారీ వస్తుంది."

"మూడోరోజుకి కుళ్ళిపోద్దండి. పక్క కాయని కూడా పాడుచేస్తది."

"మూడోరోజుకి అది మన దగ్గరుంటుందా ఏంటి?"

"నా కుట్టు ఉంటదండి దానిమీద."

"గాలి నేను కబురెట్టి రప్పించుకున్నానంట్రా? నేనూ మునిగాను. ఒక్క లారీ." ఆ మాట అని, సమాధానం కోసం ఆగకుండా చెట్లలోకి వెళ్ళిపోయాడు.

పక్క పీట మీది సవరయ్య నవ్వాడు. "కుట్టిపారెయ్ మావా! కలకత్తావోళ్ళు నీకేమన్నా గుడి కడతారా?"

"కడితే మాత్రం, నన్ను లోపలికి రానిస్తారంట్రా?"

పందిరంతా నవ్వింది. రాయప్ప కూడా నవ్వబోయాడు గానీ దగ్గు అడ్డం పడింది.

లేయా గంజి చెంబు తెచ్చి పక్కన కూర్చుంది. చేతులనిండా బూడిద. "నాన్నా, ఈ ఒక్క పూటా కళ్ళు మూసుకో. నువ్వు పోయాక నేనెక్కడుండాలి? రోడ్డుమీదా?"

నీతి గురించి కడుపు నిండినవాళ్ళు చెప్పే మాటలు రాయప్పకు ఒక్కటీ రావు. చెడ్డకాయ మీద తన కుట్టు వెయ్యడానికి చెయ్యి లేవదు, అంతే. మరి ఈ పిల్లకు ఏమిచ్చి పోతాడు? సెంటు భూమి లేదు. తులం వెండి లేదు. తడిసిన గోడలున్న పాక కూడా తనది కాదు. దేశానికి తియ్యని రసాలు పంపిన మనిషికి మిగిలింది నల్లబడ్డ పది వేళ్ళు.

బుట్ట దగ్గరికి లాక్కున్నాడు.

అడుగున రాలుకాయలు వేశాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, గోటితో కొట్టకుండా వేశాడు. పైన చెట్టుకాయలు పేర్చాడు. గడ్డి పరిచాడు. గోనె కప్పాడు. లేయా చూస్తోంది. దబ్బనం దిగింది. ఒక కుట్టు. రెండో కుట్టు. మూడోది వెనక్కి తిప్పాలి. చెయ్యి గాలిలో ఆగిపోయింది. మళ్ళీ లేపాడు. మళ్ళీ ఆగింది.

"కాసిని మంచినీళ్ళు పట్రా అమ్మా," అన్నాడు.

లేయా నూతి దగ్గరికి పోయి వచ్చేసరికి రాయప్ప పందిరి గుంజకు తల ఆనించి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెంబు ఆమె చేతిలో ఒలికిపోయింది.

శ్రీరాములు వచ్చి చెప్పులు విడిచి కాసేపు నిలబడ్డాడు. "మంచివాడు," అన్నాడు. తరువాత రోడ్డు వైపు చూశాడు. లారీ హారను వినబడుతోంది.

"లేయా, లేమ్మా. ఏడవడానికి రేపుంది. పీట మీద కూర్చో. మీ నాన్న కుట్టు నీకు చిన్నప్పటి నుంచీ వచ్చుగా. పాక నీదే అన్నాను, ఆ మాట మీదే ఉన్నాను."

"షావుకారుగారూ, శవం ఇంకా లేవలేదండి," అన్నాడు సవరయ్య. ఈసారి అతడి గొంతులో నవ్వు లేదు.

లేయా లేచింది. బుట్ట ముందు కూర్చుంది. దబ్బనం చేతిలోకి తీసుకుంది. రెండు కుట్లు వరసగా, గట్టిగా, తండ్రివే. మూడోదాని చోటు ఖాళీ. పొద్దున కళ్ళు మూసుకోమన్నది తనే. ఆ ఖాళీని వేలితో తడిమింది.

"మూడోది మా నాన్న వెయ్యలేదండి."

"నువ్వెయ్యి. రాదా?"

"వచ్చండి." దబ్బనం వదిలేసింది. "వెయ్యను."

"పాక వద్దా?"

లేయా తండ్రి వైపు జరిగింది. తెరిచే ఉన్న అతడి కళ్ళు అరచేత్తో మూసింది. రెప్పల మీద బూడిద అంటుకుంది.

సవరయ్యా మిగతావాళ్ళూ తమ మామూలు కుట్లతో బుట్టలు కట్టి లారీకి ఎత్తారు. పొద్దుగూకే లోపల రాయప్పను వాళ్ళ పాలెం సమాధుల్లో పూడ్చారు. మర్నాడు లేయా గుడ్డలమూట నెత్తిన పెట్టుకుని చింతలపూడి వైపు నడిచిపోయింది. అక్కడ ఆమెకు ఎవరూ లేరు.

ఆ ఒక్క బుట్టను మాత్రం ఎవరూ ముట్టలేదు. మూడోరోజుకు లోపలి కాయ కుళ్ళి, రసం కారి, పందిట్లో ఈగలు ముసిరాయి. గోనె మీద రెండు కుట్లు బిగిసే ఉన్నాయి. రెండోదాని చివర, పురికొసకు దబ్బనం వేలాడుతోంది.