కిటికీ అట్ట

ఉతికిన బట్టలు మడతపెడుతూనే నానమ్మ ఒక కన్ను భోజనాల బల్ల మీద వేసి ఉంచింది. తువ్వాళ్లది ఒక దొంతర, మేజోళ్లది ఒక దొంతర. మేజోళ్లకు జతలు కుదరడం లేదు. ఆవిడ మనసు మేజోళ్ల మీద ఉంటే కదా. బల్ల దగ్గర కోడలు మనవరాలి చేతికి కొలతల టేపు ఇచ్చి లెక్కలు చెబుతోంది. ఆ తంతును పాఠం అనొచ్చో లేదో నానమ్మకు ఆరు నెలలుగా తేలలేదు.

మనవరాలికి ఎనిమిదేళ్లు. ఒకచోట నిలవదని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. రెండేళ్లు బడికి వెళ్లినా పుస్తకం చూసి ఒక్క వాక్యం చదవలేకపోయింది. కోడలు బడి మాన్పించి, ఇంట్లోనే చెప్పుకుంటానని నెలకొకటి చొప్పున పన్నెండు పుస్తకాలు తెప్పించింది. ఏడో నెల వచ్చింది. బల్ల మీద మాత్రం ఇంకా మూడో పుస్తకమే ఉంది. అసలే బట్టలు కుట్టే మనిషేమో, గుడ్డ కత్తిరించినట్టు పాఠాలనూ కత్తిరిస్తోంది. ఒక్కో పేజీ నాలుగు ముక్కలు, రోజుకొక ముక్క.

"ఆ పుస్తకం నిన్నేమందమ్మాయ్, అలా కోస్తున్నావు?" అని నానమ్మ ఒకసారి అడిగింది కూడా.

"పేజీ నిండా ఉంటే పిల్లకి అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కేస్తాయంట అత్తయ్యా. అందుకే కొంచెం కొంచెంగా ఇస్తున్నా" అంది కోడలు తలెత్తకుండా.

అక్షరాలేమన్నా మేకపిల్లలా, ఒకదానిమీదొకటి ఎక్కడానికి? తలెత్తకుండా చెప్పే మాటను నానమ్మ ఎప్పుడూ నమ్మదు.

ఈమధ్య ఇంకో వింత మొదలైంది. పిచ్చుక చదువుతోంది. వంటింట్లోంచి వింటే వాక్యం వెనక వాక్యం సాఫీగా వినబడుతుంది. నానమ్మ గదిలోకి అడుగు పెట్టగానే చేతిలోదేదో పుస్తకం కిందికి తోసేస్తుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కదా అనుకుంది ఆవిడ.

నిన్న మధ్యాహ్నం తల్లీకూతుళ్లు మేడమీద ఉన్నప్పుడు పుస్తకం ఎత్తి చూసింది. కింద ఒక అట్టముక్క. అరచేయంత ఉంది. మధ్యలో సన్నగా, పొడుగ్గా ఒక కంత. నానమ్మకు అంతా అర్థమైపోయింది. కాపీ చీటీ లాంటిదే ఇది. కంతలోంచి జవాబు ఎలా కనబడుతుందో తెలియలేదు. తెలియనంత మాత్రాన మోసం మోసం కాకుండా పోదు కదా. అట్టను మందుల సంచిలో వేసుకుని పెద్దకూతురికి ఫోను చేసింది.

పెద్దకూతురు ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్. ఆ బడికి హాస్టలు కూడా ఉంది. "ఆరు నెలలు చూస్తా. అప్పటికీ పిల్ల చదవకపోతే నా దగ్గరికి పంపించెయ్యాలి" అని మొదట్లోనే తమ్ముడి చేత మాట ఇప్పించుకుంది.

ఇవాళ మేజోళ్ల దొంతర సగమయ్యేసరికి పెద్దకూతురు వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచింది.

"ఏమే పిచ్చుకా, చదువుతున్నావా, ఎగురుతున్నావా?"

"రెండూనత్తా."

"ఏదీ, ఇది చదువు." తన సంచిలోంచి కొత్త పుస్తకం తీసి, మధ్య పేజీ తెరిచి పెట్టింది.

పిచ్చుక బల్ల మీది పుస్తకాలన్నీ ఎత్తి చూసింది. కుర్చీ కింద వెతికింది. "అమ్మా, నా కిటికీ ఏది?"

"కిటికీ ఏంటే?"

"అట్టముక్క వదినా. నిన్న ఇక్కడే ఉంది. నిమిషం ఆగండి, ఇంకోటి కోసిస్తా." కోడలు కత్తెర అందుకుంది.

"చదవడానికి కత్తెరతో పనేంటమ్మా? ఉన్నది ఉన్నట్టు చదవనీ."

దొరికారు, అనుకుంది నానమ్మ.

పిచ్చుక మొదలుపెట్టింది. మొదటి మాట పైవరసలోది పలికింది, రెండోది కిందివరసలోది. ఆగింది. కళ్లు నులుముకుంది. తర్వాత ఒక అరచేయి వరస పైన, ఒక అరచేయి వరస కింద ఆనించి, మధ్యలో సన్నటి సందు చేసుకుంది. 

నానమ్మ చేతిలో ఒంటి మేజోడు అలాగే ఉండిపోయింది. ఆ సందు ఆవిడకు తెలుసు. నిన్న వేలితో తడిమి మరీ చూసింది.

"చేతులు తియ్యి" అంది మేనత్త.

తీసింది. ఇక మాట రాలేదు.

"సోమవారం నుంచి నా దగ్గర ఉంటుంది. బట్టలు సర్దండి." ఆవిడ గొంతులో కోపం లేదు.

"వదినా, ఒక్క పది నిమిషాలు..."

"ఆరు నెలలిచ్చానమ్మా."

పిచ్చుక ఏడవలేదు. నానమ్మ దగ్గరికొచ్చి, మడతపెట్టిన బట్టల్లోంచి తన గౌన్లు ఏరుకోవడం మొదలుపెట్టింది. "ఇది నాదే కదా నానమ్మా? ఇది కూడా?"

మూడో గౌను దగ్గర నానమ్మ దాని చెయ్యి పట్టుకుంది. మందుల సంచి విప్పి, అట్టముక్క తీసి బల్ల మీద పెట్టింది.

పిచ్చుక అట్టను పేజీ మీద పరిచింది. కంతలో ఒక్క వరస నిలబడింది. "వాన వెలిశాక నత్త గోడ ఎక్కడం మొదలుపెట్టింది." కిందికి జరిపింది. ఇంకో వరస. నిదానంగానే అయినా, ఎవరూ ముందు చెప్పి ఉంచని పేజీని చివరిదాకా చదివింది.

మేనత్త అట్టను తీసుకుని కంతలోంచి తనూ ఒక వరస చూసింది. "ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?"

"ఏ పుస్తకంలోనూ లేదు వదినా. దీని కళ్లను బట్టి కోశా."

"నా బడికి కూడా ఓ నాలుగు కోసిపెట్టు." తన పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. "సోమవారం సంగతి మర్చిపోండి." తల్లి వైపు తిరిగింది. "ఇంతకీ ఇది నీ మందుల్లోకి ఎలా వచ్చిందమ్మా?"

నానమ్మ ఒంటి మేజోడుకు జత వెతకసాగింది. కోడలు తలెత్తి ఆవిడను సూటిగా చూసింది. అత్తగారు ఇన్నాళ్లూ కోరుకున్న చూపే అది.

"నువ్వు చూస్తే నవ్వుతావని దాచాను నానమ్మా" అంది పిచ్చుక. "నవ్వడానికే తీసుకున్నావా?"

నానమ్మ ఒంటి మేజోడును తువ్వాళ్ల మీద పెట్టింది. గుమ్మం దాకా నడిచి, ఒక చేత్తో తలుపు పట్టుకుని చెప్పులు వేసుకుంది. పిచ్చుక మొహం చూడలేక మెట్లు దిగి వెళ్లిపోయింది.