నిండు గుమ్మడికాయకు గాటు

ఆదివారం పదకొండింటికి టీవీలో తన వంట వస్తుందని అత్తగారి ఊరు బేరిగైకి ఫోన్ చేసి చెప్పింది నళినే. అత్తను, బావను, అక్కను తప్పకుండా రమ్మని పిలిచిందీ తనే. ఇప్పుడు పది కొట్టింది. వాళ్ళెక్కిన బస్సు దారిలో ఎక్కడైనా ఆగిపోతే బాగుండునని దేవుడి పటం ముందు నిలబడి మొక్కుకుంటోంది. ఇలాంటి మొక్కులు తీర్చే దేవుడెవరో ఆమెకే తెలియదు. బస్సు వేళకే వచ్చింది.

సంగతేమిటంటే, రెండువేల రెండులో హోసూరు కేబుల్ వాళ్ళు దసరా కాగానే ఆదివారాల్లో వంటల కార్యక్రమం ఒకటి మొదలుపెట్టారు. కాలనీలో ఒక్కో వారం ఒక్కో ఇంటికి కెమెరా వచ్చేది. మొదటి వారమే పక్కింటి ఆశ కనిపించింది. ఆశది బెంగళూరు. పేరు పలకడానికే రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సిన ఏదో కేకు చేసి, పైన క్రీము పూసి, కాలనీ ఆడవాళ్ళందరినీ వారం రోజులు తన మాటే మాట్లాడుకునేలా చేసింది. నళినికి ఆ వారం నిద్ర పట్టలేదు. కృష్ణగిరి బజారులో పుట్టిన పిల్ల, నాన్నది బట్టల కొట్టు, ఇంగ్లీషు మీడియం చదువు. ఆశకంటే తానెందులో తక్కువ?

ఎవరింట్లోనో చూసిన ఇంగ్లీషు పత్రికలో స్వీట్ క్రేప్ అని ఒక బొమ్మ ఉంది. పల్చటి దోసె, మడత పెట్టి, పైన ఆకులు రాలే కాలపు టాపింగ్ అంటూ గుమ్మడికాయ, దాల్చిన చెక్క. నళిని ఆ బొమ్మను చూసి పకపకా నవ్వింది. హోసూరులో ఆకులు రాలే కాలమెక్కడిది? ఉన్నదల్లా బేరిగై నుంచి గుమ్మడికాయలు వచ్చే కాలం. ఆ బొమ్మలో ఉన్నది తన తోడికోడలు ప్రతి ఏడూ ఆ రోజుల్లో చేసే గుమ్మడి పాకం దోసే.

తోడికోడలంటే బావ అంకప్ప భార్య మునివెంకటమ్మ. నళిని ఆమెను అక్కా అని పిలుస్తుంది. పిలవడమే కాదు, పెళ్ళయి వచ్చిన కొత్తలో వంటింట్లో ఏది ఎక్కడుందో తెలియక ఏడుస్తుంటే కళ్ళు తుడిచింది ఆమే. బియ్యప్పిండిలో గోధుమపిండి కలిపి, బెల్లం నీళ్ళు పోసి, పెనానికి వంకాయ తొడిమతో నెయ్యి రాసి, కాగితంలాంటి దోసె పోస్తుంది. తురిమిన గుమ్మడికాయను నేతిలో మగ్గబెట్టి, బెల్లం, శొంఠి, ఏలకులు వేసి, వేయించిన గుమ్మడి గింజలు చల్లి దోసె మీద పరుస్తుంది. నళిని అందులో శొంఠి తీసేసి దాల్చిన చెక్క వేసింది, బియ్యప్పిండి బదులు మైదా వేసింది. ఆమె చేసిన మార్పు అంతే. పేరు మాత్రం మొత్తం మార్చింది.

బుధవారం కెమెరా వస్తుందనగా కాయ కావాలని బేరిగైకి కబురు పెట్టింది. టీవీలో అందంగా కనిపించాలి, కోయని కాయే కావాలంది. మునివెంకటమ్మ పొద్దున్నే మొదటి బస్సుకు గోనెసంచిలో కాయ పెట్టుకుని తానే వచ్చింది. పొలం నుంచి తిన్నగా బస్సెక్కినట్టుంది, చీర అంచుకు బురద, జుట్టుకు దట్టంగా నూనె. కాయను వంటింటి గట్టు మీద పెడుతూ ఒక మాట చెప్పింది. "ద్వారక డ్యూటీకి పొయ్యే ముందర ఒక గాటు పెట్టించమ్మా. ఈసారి మీ బావ చేత పెట్టించకుండానే తెచ్చినాను."

నళిని అత్తింట్లో నిండు గుమ్మడికాయ పెద్దకొడుకుతో సమానం. బిడ్డల్ని కన్నదాని చెయ్యి దానికి మొదటి కత్తి పెట్టకూడదు. మగవాడెవరైనా ఒక గాటు పెట్టాక ఆడవాళ్ళు ఎన్ని ముక్కలైనా చేసుకోవచ్చు. పొలంలో ఎంత పనున్నా సరే, అంకప్ప వచ్చి గాటు పెట్టి పోవాల్సిందే. నళిని పుట్టింట్లో ఈ బాధ లేదు, వాళ్ళు కాయను సంతలో ముక్కగానే కొనేవాళ్ళు. ఆమె సరేనంది. తర్వాత పట్టుచీర, జడ, ఆశ దగ్గర ఎరువు తెచ్చిన నాన్‌స్టిక్ పెనం, వీటిలో పడి మరిచిపోయింది. ఆమె మొగుడు ద్వారకనాథ్ టిఫిన్ తిని ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

కెమెరా అతను వచ్చి లైట్లు పెట్టుకున్నాడు. మైకు పరీక్ష చేసుకుంటూ, గట్టు పక్కన నిలబడ్డ మునివెంకటమ్మను చూసి, ఆమె ఎవరక్కా అని తమిళంలో అడిగాడు.

మా అక్క అని రెండు మాటలు చెప్తే సరిపోయేది. నళిని ఆ బురద అంచును చూసింది, లైట్లను చూసింది, ఆశను తలుచుకుంది. ఆమె నోరు, "మా వేలక్కారమ్మ," అంది. పనిమనిషి అని. అదే మాటను తెలుగులో అనడానికి నాలుక తిరిగేది కాదు. తమిళంలో అయితే అబద్ధం కాస్త దూరంగా నిలబడినట్టు అనిపించింది. హోసూరు చుట్టుపక్కల మేకలు కాసేవాడికి కూడా మూడు భాషలొస్తాయని తెలిసినదే, ఆ క్షణంలో అదీ మరిచింది.

మునివెంకటమ్మ తొట్టి దగ్గరికి పోయి, అక్కడున్న గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

కాయ కొయ్యండక్కా అన్నాడు కెమెరా అతను. నళిని కత్తి ఎత్తింది. తొట్టి దగ్గర నురగ చెయ్యి ఒకటి పైకి లేచింది, ఆపమన్నట్టు. లేచిన చెయ్యి మళ్ళీ గిన్నెలోకి దిగిపోయింది. పనిమనిషి యజమానురాలికి అడ్డం చెప్పకూడదు కదా. కాయ రెండు చెక్కలైంది. లోపల పసుపు నిగనిగలాడింది, కెమెరా అతను బాగుందన్నాడు.

మొదటి దోసె పెనానికి అతుక్కుంది. రెండోదీ అతుక్కుంది. నళినికి ముచ్చెమటలు పోశాయి. అప్పుడు మునివెంకటమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, మంట తగ్గించి, పిండిలో ఇన్ని నీళ్ళు పోసి, వంకాయ తొడిమతో పెనం రుద్ది, మళ్ళీ తొట్టి దగ్గరికి పోయింది. మూడో దోసె గాలికి ఎగిరేంత పల్చగా వచ్చింది. ఇది ఎవరు నేర్పించారని మైకు ముందుకు చాచాడు అతను. ఎవరూ నేర్పలేదు, నా సొంత ఆలోచనే అంది నళిని. మొదటి అబద్ధం గొంతులో ముల్లులా గుచ్చుకుంది, రెండోది మాత్రం నున్నగా జారిపోయింది.

అక్క మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. తినమంటే ఆకలి లేదంది.

నళిని ఇదంతా కడుపులో దాచుకుని, వంటింటి గోడలకు తప్ప ఎవరికీ తెలియదులే అనుకుంది. శనివారం బట్టలు ఆరేస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆశ కార్యక్రమంలో కేకు కంటే ముందు, ఆశ తన మొగుణ్ణి బనియనుతో ముందుగదిలోకి రావద్దని కసిరిన కసురు కూడా వచ్చింది. కాలనీ అంతా వారమంతా దానికే నవ్వారు. ఆ కేబుల్ వాళ్ళకు కత్తిరించడం రాదు, మైకు పెట్టింది మొదలు పడిందంతా వేసేస్తారు. నళిని చేతిలోని తడి చీర కింద పడింది. అప్పటికే పిలవాల్సిన వాళ్ళందరినీ పిలిచేసింది.

ఆదివారం వాళ్ళు వచ్చి చాప మీద కూర్చున్నారు. అత్త పుట్టమ్మ ముందు వరసలో, కళ్ళజోడు తుడుచుకుని మరీ. అంకప్ప ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మునివెంకటమ్మ తన పెళ్ళి పట్టుచీర కట్టుకుని, ఇంకో గుమ్మడికాయ తెచ్చి వంటింట్లో పెట్టింది. నళిని ఆమె ముఖంలోకి చూడలేక కాఫీలు, నీళ్ళు అంటూ ఇల్లంతా తిరిగింది. రోజూ ఆ వేళకు పోయే కరెంటు ఆ రోజు పోలేదు. టీవీ వెనక వైరు లాగేద్దామని చెయ్యి పెట్టింది కూడా. బొమ్మ సరిగ్గానే వస్తోంది, వచ్చి కూర్చో అన్నాడు ద్వారకనాథ్.

కార్యక్రమం మొదలైంది. ఇంకా పేరైనా పడకముందే, గరగరమంటూ మైకు శబ్దం, ఆమె ఎవరక్కా అనే ప్రశ్న, దాని వెనకే నళిని గొంతు. మా వేలక్కారమ్మ. ఆ చిన్న గదిలో ఆ మాట ఎంత స్పష్టంగా వినిపించిందంటే, నళినికి అది తన గొంతేనా అనిపించింది.

బొమ్మలో నళిని నవ్వుతోంది, వెనకాల తొట్టి దగ్గర నీలం చీర వీపు ఒకటి గిన్నెలు తోముతోంది. అంకప్ప ఆ వీపునే చూస్తూ కూర్చున్నాడు. సొంత ఆలోచన అన్న మాట కూడా వచ్చి పోయింది. భూమి చీలిపోవాలని అంటుంటారు కదా, నళిని గచ్చు వైపు చూసింది. గచ్చు గట్టిగా, చల్లగా ఉంది.

కార్యక్రమం అయిపోగానే పుట్టమ్మ నోరు తెరిచింది. "ఏమే నళినీ, నిండు కాయకు నువ్వే కత్తి పెట్టినావా? ఇద్దరు బిడ్డల్ని కన్నదానివి. ఎవురూ చెప్పలేదా నీకు?"

ఇక మొదలైంది. గాటు పెట్టించకుండా కోస్తారా అని అత్త, ఒక్క మాటంటే నేను పెట్టి పోనా అని ద్వారకనాథ్, చివరికి ఎప్పుడూ నోరెత్తని అంకప్ప కూడా, నేనే పెట్టి పంపాల్సింది, తప్పు నాది అని. ఇంటికి కీడు, పిల్లలకు దిష్టి తియ్యాలి, ఇంకో కాయ దానమివ్వాలి. అందరూ గుమ్మడికాయనే పట్టుకున్నారు. ఆ ఇంకో మాట జోలికి ఒక్కరూ పోలేదు.

నళినికి మెల్లగా అర్థమైంది. వాళ్ళు కోపాన్ని కాయ మీదికి మళ్ళిస్తున్నారు. అక్క ముందర ఆ మాటను మళ్ళీ పలకడం ఇష్టం లేక, తనకు తలెత్తుకునే చోటు మిగల్చడానికి, పాపం, గుమ్మడికాయను తిడుతున్నారు. తిట్టినా బాగుండేది. చెంప మీద కొట్టినా ఇంత సిగ్గు ఉండేది కాదు. తల వంచుకుని, తప్పైపోయిందత్తా అంది. దేనికి అంటోందో అందరికీ తెలుసు. అంతటితో ముగిసిపోతుందనీ, ఇక ఎవరూ ఎప్పటికీ అడగరనీ ఆమెకు తెలిసింది. నిజం చెప్పాలంటే, లోపల ఎక్కడో హమ్మయ్య అనుకుంది కూడా. ఆ హమ్మయ్యకు ఆమె ఇంకా సిగ్గుపడింది.

సరిగ్గా అప్పుడే ఆశ వచ్చింది, గుమ్మంలోంచే పొగుడుతూ. క్రేప్ అదిరిపోయిందట, పేరు కొత్తగా ఉందట, తనకు అసలు తట్టలేదట. తర్వాత గొంతు కొంచెం తగ్గించి, ఆ వేలక్కారమ్మ చెయ్యి భలే ఉంది, మంట తగ్గించి పెనం రుద్దిన తీరు చూశాను, దీపావళి పిండివంటలకు మా ఇంటికి రెండు రోజులు పంపుతావా అని అడిగింది. అడుగుతూనే వంటింటి గుమ్మంలో నిలబడ్డ మునివెంకటమ్మను గుర్తుపట్టి, ఆ పట్టుచీరను పైకీ కిందికీ చూసి, కాస్త తికమకపడింది.

నళిని నోరు తెరిచేలోగా మునివెంకటమ్మే జవాబిచ్చింది. నవ్వు ముఖంతోనే.

"వస్తానులేమ్మా. ముందు ఈడ పని కానీ."

తనను కాపాడటానికే అలా అందని నళినికి తెలుసు. ఆ ఒక్క మాటతో ఆశ నమ్మేస్తుంది, కాలనీ నమ్మేస్తుంది, దీపావళికి అక్క నిజంగానే వచ్చి పక్కింట్లో మురుకులు వత్తి పోతుంది కూడా. ఆ మనిషి అంత పని చేయగలదు. నళిని తల దించుకునే ఉంది గానీ మాట మాత్రం బయటికొచ్చింది, ఈసారి తెలుగులో.

"ఆమె మా అక్క, ఆశా. మా బావ పెండ్లాం. ఆ దోసె ఆమెది, నాది కాదు. నాకు నేర్పించింది ఆమే. ఆ పొద్దు ఆమె చీరకు బురద ఉండిందని, నేను పనిమనిషి అని చెప్పినాను."

ఆశ ముఖం చిన్నబోయింది. అయ్యో, నాకు తెలీదు అని ఏదో గొణిగి, పెనం తర్వాత తీసుకుంటానని వెళ్ళిపోయింది. సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోతుంది, అది ఖాయం. పుట్టమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంకప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, ఎంతకీ తుడవడం ఆపలేదు.

నళిని వంటింట్లోకి పోయి అక్క కాళ్ళ దగ్గర కూర్చుంది. ఏమనాలో తెలియక, ఆ పట్టుచీర అంచు పట్టుకుంది. అంచు శుభ్రంగా ఉంది. ఈ ముందుగదిలో కూర్చోవడానికి పెళ్ళి చీర బయటికి తియ్యాల్సి వచ్చిందామెకు. అది చూశాక నళినికి ఏడుపు ఆగలేదు.

మునివెంకటమ్మ ఆమెను లేపలేదు, ఊరడించలేదు. గోనెసంచిలోంచి కాయను తీసి గట్టు మీద పెట్టింది. కాయ పైన, తొడిమ పక్కన, వేలెడంత గాటు ఉంది.

"మీ బావ పెట్టినాడు పొద్దున," అంది. "ఇంక నువ్వు కొయ్యొచ్చు. అందరూ ఆకలితో ఉండారు. శొంఠి యాడుండాది?"

నళిని శొంఠి డబ్బా తీసింది. కాయ కోసింది, తురిమింది. అక్క దోసెలు పోసింది, ముందుగదిలో అందరూ తిన్నారు, మొదటి దోసె అంకప్పకు పెట్టారు. బాగుందని ఎవరూ అనలేదు, ఇంకొకటి వద్దని కూడా ఎవరూ అనలేదు.

తిన్నాక తొట్టి నిండా గిన్నెలు పడ్డాయి. నళిని కొంగు దోపుకుని వాటి ముందు నిలబడింది. పిండి గిన్నె, పాకం గిన్నె, ఆశ పెనం, అన్నీ ఒక్కొక్కటే తోమింది. మునివెంకటమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఇంకెప్పుడైనా అయితే, జరుగమ్మా నేను కడుగుతానని చేతిలోంచి గిన్నె లాక్కునేది.

ఆ రోజు వద్దనలేదు.