నీలం టోపీ

ఈత మాస్టారికి పిల్లలు కనబడరు, టోపీలే కనబడతాయి. ముసలాయన లెక్కలో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి.

అక్కడి పద్ధతి అలాంటిది. నీళ్లలో ముఖం ముంచి బుడగలు ఊదేవాళ్లకు ఎర్ర టోపీ. వెల్లకిలా తేలడం వస్తే పసుపు. తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకుంటూ పూల్‌కు అడ్డంగా ఈదితే నీలం. లోతు వైపు దూకేది నీలం వాళ్లే. ఇదంతా ముసలాయన భార్యకు కంఠతా వచ్చేది. ఆవిడ పోయి నాలుగు నెలలు. మనవరాలిని ఈతకు తీసుకురావడం ఇప్పుడు ఆయన మెడకు చుట్టుకుంది.

ఆ రోజు సంచిలో పిల్ల పసుపు టోపీ లేదు. సంచి సర్దింది ఆయనే. పిల్లలు మరిచిపోయిన సామాను వేసే బుట్టలోంచి నీలం టోపీ ఒకటి తీసి పిల్ల నెత్తిన తొడిగాడు. ఇది తనది కాదని పిల్ల నసిగింది.

"తలకు పట్టింది కదే. ఇంకేం కావాలి నీకు, కిరీటమా?"

ఈల మోగింది. మాస్టారు నీలం టోపీలను లోతు వైపు వరసగా నిలబెట్టాడు. పిల్ల వెనక్కి తిరిగి తాతను చూసింది. ఆయన కానిమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ముగ్గురు దూకారు. నాలుగోది మనవరాలు.

పైకి రాలేదు.

ఆయనకు ఈత రాదు. అరిచాడు, ఆ అరుపు పిల్లల కేకల్లో కలిసిపోయింది. మాస్టారు అటు తిరిగి ఐదోవాడి మోచెయ్యి సరిచేస్తున్నాడు. అడుగున నీలం చుక్క కాస్త జరిగి ఆగింది. ముసలాయన చేతిలోని తువ్వాలును ఉండచుట్టి నీళ్లలోకి విసిరాడు. ఆ చప్పుడుకు మాస్టారు తల తిప్పాడు.

అప్పటికి ముక్కు పైకొచ్చింది, తర్వాత పొట్ట. చేతులు బార్లా చాపి, చెవులు నీళ్లలో ఉంచి, పసుపు టోపీ పాఠం అప్పజెబుతున్నట్టు పిల్ల తేలింది. మాస్టారు దూకి గట్టుకు చేర్చాడు.

పిల్ల దగ్గు ఆగాక మాస్టారు అడిగాడు. "ఈ టోపీ ఎవరు పెట్టారమ్మా?"

పిల్ల తాత వైపు చూడలేదు. "నేనే పెట్టుకున్నా సార్. పెద్దవాళ్లతో దూకాలని."

మాస్టారు పదిమందిలో చివాట్లు పెట్టి ఎర్ర టోపీకి దించేశాడు. ముసలాయన ఒక్క మాట అంటే సరిపోయేది. నీళ్లలోంచి తీసిన తువ్వాలు పిండుతూ నిలబడ్డాడు.

పిల్లను ఎందుకు దించారని ఇంట్లో కూతురు అడిగింది. వెళ్లి ఆ మాస్టార్నే అడగమన్నాడు. అసలేం జరిగింది నాన్నా, అని మళ్లీ అడిగింది. గుమ్మంలో పిల్ల నేల చూస్తూ నిలబడి ఉంది.

"ఈ ఇంట్లో ఆ ఊసు ఇంకెవరూ ఎత్తొద్దు. నేను చచ్చినా ఎత్తను" అన్నాడు.